లివర్ దెబ్బతిన్న క్యాన్సర్ రోగుల్లో కొత్త మందు పరీక్ష: ఏ లెక్క పట్టుకోవాలి, రక్తం ఎలా తీయాలి?

ప్రశ్న: ఫార్మ్‌డీ_నల్లగొండ

అందరికీ నమస్తే. నోటితో మింగే ఒక కొత్త కైనేజ్ నిరోధక మందు (క్యాన్సర్ కణాలకు పెరగమని సంకేతమిచ్చే ఎంజైములను ఆపేది) ట్రయల్‌లో లివర్ సరిగా లేనివాళ్లకు విడిగా ఒక భాగం పెడుతున్నారు. మందు లివర్‌లో సీవైపీ3ఏ4 ఎంజైమ్ మీదుగా విరుగుతుంది. 98 శాతం రక్తంలోని ప్రొటీన్లకు అంటుకునే తిరుగుతుంది. అర్ధాయువు (రక్తంలో స్థాయి సగానికి పడే సమయం) సుమారు 40 గంటలు. రోగులు నల్లగొండ, దేవరకొండ, మర్రిగూడ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వస్తారు. ఎక్కువమంది బస్సులోనే.

మొదటి చిక్కు వర్గీకరణలో ఉంది. ప్రోటోకాల్ ముసాయిదాలో ఒకచోట చైల్డ్-ప్యూ (లివర్ ఎంత చెడిందో మార్కులేసే లెక్క) అని, ఇంకోచోట అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పచ్చ పదార్థం)-ఎస్‌జీఓటీ (లివర్ ఎంజైమ్) లెక్క అని ఉంది. రెండూ ఒకే మనిషిని రెండు గుంపుల్లో వేస్తున్నాయి. రెండు ఊహా ఉదాహరణలు పెడుతున్నాను.

ఒకరికి బిలిరుబిన్ 1.1, ఎస్‌జీఓటీ 38, రెండూ ల్యాబ్ హద్దు లోపలే. కానీ ఆల్బుమిన్ (లివర్ చేసే ప్రొటీన్) 2.6, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఆలస్యమైతే పెరిగే అంకె) 1.8, పొట్టలో కొద్దిగా నీరు. ఇంకొకరికి బిలిరుబిన్ 2.4 (ల్యాబ్ పై హద్దు 1.2), ఎస్‌జీఓటీ మామూలే, ఆల్బుమిన్ 3.9, ఐఎన్ఆర్ 1.0, పొట్టలో నీరు లేదు. వీళ్లలో ఎవరి లివర్ ఎక్కువ దెబ్బతిన్నట్టు?

రెండోది, ఒక్కో గుంపులో ఎంతమంది కావాలి, మొదటి మోతాదు ఎంత పెట్టాలి? మూడోది, రక్త నమూనాల దగ్గర ఏం చెడిపోతుంది? నాలుగోది అందరికీ తెలిసినా కాగితం మీదికి ఎక్కని సంగతి. మన దగ్గర కల్లు, కామెర్ల పసరు, ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే సూదులు మామూలే. వీటిని స్క్రీనింగ్‌లో ఎలా పట్టుకోవాలి?


జవాబు: పాలమూరు_ఫార్మకాలజీ

మీ మొదటి ఉదాహరణలోనే అసలు విషయం ఉంది. ముందు లెక్క కడదాం.

చైల్డ్-ప్యూలో అయిదు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. బిలిరుబిన్ 2 లోపు 1, 2-3 మధ్య 2, 3 దాటితే 3. ఆల్బుమిన్ 3.5 పైన 1, 2.8-3.5 మధ్య 2, అంతకు తక్కువైతే 3. ఐఎన్ఆర్ 1.7 లోపు 1, 2.3 దాకా 2, ఆపైన 3. పొట్టలో నీరు, మెదడు మగత (లివర్ చెడి వచ్చే మగత) కూడా అలాగే: లేకపోతే 1, కొద్దిగా ఉంటే 2, ఎక్కువైతే 3. మొత్తం 5-6 ఏ, 7-9 బీ, 10-15 సీ.

మీ మొదటి మనిషికి 1+3+2+2+1, మొత్తం 9. బీ అంచున ఉన్నాడు, ఒక్క మార్కు పెరిగితే సీ. బిలిరుబిన్-ఎస్‌జీఓటీ లెక్కలో అదే మనిషి 'నార్మల్'. ఆ లెక్కలో రెండూ హద్దు లోపలుంటే నార్మల్. ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగినా, బిలిరుబిన్ పై హద్దుకు ఒకటిన్నర రెట్లలోపు పెరిగినా స్వల్పం. ఒకటిన్నర నుంచి 3 రెట్లు మధ్యస్థం. 3 రెట్లు దాటితే తీవ్రం. రెండో మనిషి బిలిరుబిన్ సరిగ్గా రెండు రెట్లు, అంటే మధ్యస్థం. చైల్డ్-ప్యూలో 2+1+1+1+1, మొత్తం 6, ఏ వర్గం. చెరో లెక్క చెరొకరిని కింద పెట్టింది.

మందును విరగ్గొట్టే శక్తి ఎవరిలో తగ్గింది అంటే అనుమానం లేకుండా మొదటివాడిలోనే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కణాలు పగిలి బయటపడ్డ ఎంజైములు. ఇప్పుడు ఎంత దెబ్బ తగులుతోందో అవి చెప్తాయి, ఇంకా ఎంత పని చేయగలదో చెప్పవు. మచ్చలు కట్టి ఎండిపోయిన సిర్రోసిస్ లివర్‌లో పగలడానికి కణాలే మిగలవు కాబట్టి ఎస్‌జీఓటీ 38 రావడం వింతేమీ కాదు. ఆల్బుమిన్, ఐఎన్ఆర్ లివర్ తయారుచేసే సరుకు మీద ఆధారపడే అంకెలు. సరుకు తగ్గిందంటే పని తగ్గినట్టే, అయితే వేరే కారణాలు లేవని తేల్చుకున్నాకే ఆ మాట అనాలి.

క్యాన్సర్ రోగుల్లో చైల్డ్-ప్యూ మోసపోయేది అక్కడే. అది సిర్రోసిస్ కోసం పుట్టిన లెక్క. అండాశయ క్యాన్సర్‌లో పొట్టలోకి వచ్చే నీటికి లివర్‌తో సంబంధం లేకపోవచ్చు. ఆ నీటికి మార్కులు వేసే ముందు రక్తంలోని ఆల్బుమిన్‌లోంచి నీటిలోని ఆల్బుమిన్ తీసేయండి. తేడా 1.1 లేదా ఎక్కువ వస్తే పేగు నుంచి లివర్‌కు వచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి వల్ల, తక్కువైతే ఎక్కువసార్లు పొట్ట పొరకు పాకిన జబ్బు వల్ల. తిండి లేక చిక్కిపోయినవాళ్లకు ఆల్బుమిన్ ఎటూ తక్కువే. పిత్తనాళం మూసుకుపోతే విటమిన్ కె పేగు నుంచి ఎక్కదు, ఐఎన్ఆర్ పెరుగుతుంది. అలాంటివాళ్లకు విటమిన్ కె 10 మి.గ్రా. ఇచ్చి ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. దిగితే లోపం నాళంలోది, లివర్ కణానిది కాదు. మెదడు మగతలోనూ అంతే. మెదడుకు పాకిన క్యాన్సర్, మార్ఫిన్, నిద్రమాత్రలు, ఇవేవీ లివర్ ఖాతాలో పడకూడదు.

మీ రెండో మనిషికి ముందు బిలిరుబిన్‌ను డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్‌గా విడగొట్టించండి. ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్ అయ్యి, హిమోగ్లోబిన్ పడిపోకుండా ఉంటే గిల్బర్ట్ లక్షణం. అది జబ్బు కాదు. కానీ ఇరినోటెకాన్ అనే కీమోలాగా యూజీటీ1ఏ1 ఎంజైమ్ మీద నడిచే మందైతే అదే పెద్ద సంగతి అవుతుంది. డైరెక్ట్ ఎక్కువైతే అల్ట్రాసౌండ్ చేసి నాళాలు ఉబ్బాయేమో చూడాలి. ఉబ్బితే స్టెంట్ వేయించి, అంకె నిలకడకు వచ్చాకే ట్రయల్ మాట. ఒకటి గుర్తుంచుకోండి: అడ్డు తీసినా బిలిరుబిన్ వెంటనే దిగదు. అందులో కొంత ఆల్బుమిన్‌కు గట్టిగా అంటుకుపోయి దానితోపాటే రెండు మూడు వారాల అర్ధాయువుతో మెల్లగా పోతుంది. ఆ తగ్గుదల మధ్యలో చేర్చుకుంటే మనిషి నెలలోనే గుంపు మారిపోతాడు, గ్రాఫ్‌లో మందు లివర్‌ను బాగుచేసినట్టు కనిపిస్తుంది.

అందుకే రెండు లెక్కలూ తీసుకోండి, ఒకదాన్ని మాత్రం ముఖ్యమైనదిగా ముందే రాసి పెట్టండి. రోగుల్లో ఎక్కువమంది లివర్‌కు పాకిన క్యాన్సర్‌వాళ్లైతే బిలిరుబిన్-ఎస్‌జీఓటీ లెక్క, సిర్రోసిస్ మీద క్యాన్సర్ వచ్చినవాళ్లైతే చైల్డ్-ప్యూ. రెండోది పక్కన నమోదు కావాలి, ఫలితాలు రెండు రకాలుగానూ చూడాలి. స్క్రీనింగ్‌లో కనీసం వారం తేడాతో రెండు రీడింగులు తీసుకోండి. గుంపులో ఇమడాలని ముందురోజు ఆల్బుమిన్ సీసా ఎక్కించడం, నీరు తీయడం ప్రోటోకాల్‌లోనే నిషేధించాలి.

సంఖ్య విషయానికొస్తే, 2003లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకంలో పూర్తి పద్ధతికి నార్మల్, స్వల్ప, మధ్యస్థ, తీవ్ర గుంపుల్లో ఒక్కోదానికి లెక్కకు పనికొచ్చేవాళ్లు కనీసం 6 మంది. కుదించిన పద్ధతికి నార్మల్, మధ్యస్థ గుంపులు మాత్రమే, ఒక్కోదానికి కనీసం 8 మంది. 'లెక్కకు పనికొచ్చేవాళ్లు' అన్నమాట గట్టిగా పట్టుకోండి. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఈ గుంపులోనే ఎక్కువ, కాబట్టి 6 కావాలంటే 9 మందికి సిద్ధపడాలి. నార్మల్ గుంపువాళ్లు వయసు, బరువు, ఆడ-మగ నిష్పత్తిలో మిగతావాళ్లకు దగ్గరగా ఉండాలి. పాతికేళ్ల ఆరోగ్యవంతులను తెచ్చి అరవై ఏళ్లవాళ్లతో పోలిస్తే తేడా వయసుదో లివర్‌దో ఎవరూ చెప్పలేరు.

మొదటి మోతాదు: స్వల్ప గుంపుకు తరచుగా పూర్తి మోతాదు నడుస్తుంది. మధ్యస్థ గుంపును సగం నుంచి మొదలుపెట్టి, ముగ్గురు ముగ్గురుగా మొదటి 28 రోజులు చూసుకుంటూ పైకి వెళ్లాలి. మధ్యస్థ గుంపు రక్తస్థాయిలు చేతికి వచ్చి చూశాకే తీవ్ర గుంపు తలుపు తెరవాలి, అదీ పావు మోతాదుతో. అందరినీ ఒకేసారి చేర్చుకుంటే సమయం కలిసొస్తుందన్న వాదన స్పాన్సర్ నుంచి వస్తుంది, ఒప్పుకోవద్దు.

మీ మందులాంటి కైనేజ్ నిరోధకమే అయిన సోరాఫెనిబ్ అధ్యయనం దీనికి మంచి పాఠం. బిలిరుబిన్ ఒకటిన్నర రెట్లలోపు ఉన్నవాళ్లు 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు తట్టుకున్నారు. ఒకటిన్నర-3 రెట్ల వాళ్లకు 200 మి.గ్రా. రెండుసార్లు. 3 నుంచి 10 రెట్ల గుంపు మూడు రోజులకోసారి 200 మి.గ్రా. కూడా తట్టుకోలేకపోయింది. ఆల్బుమిన్ 2.5 లోపున్నవాళ్లను విడిగా చూస్తే రోజుకు ఒక్కసారి 200 మి.గ్రా. దగ్గర ఆగారు. ఆల్బుమిన్‌ను వేరే గుంపుగా పెట్టబట్టే ఆ సంగతి బయటపడింది. పాజోపానిబ్‌కు మధ్యస్థ గుంపులో 800 నుంచి 200కు దిగాలి. సునిటినిబ్‌కు చైల్డ్-ప్యూ ఏ, బీల్లో మొదటి మోతాదు మార్చనే అక్కర్లేదు. మూడూ ఒకే కుటుంబం మందులు. అందుకే అన్న మందు చూసి తమ్ముడి మోతాదు చెప్పకూడదు.

మీ మందు 98 శాతం ప్రొటీన్‌కు అంటుకుంటుంది అన్నారు కదా, మొత్తం స్థాయి ఒక్కటే కొలిస్తే ఆ అధ్యయనం వృథా. విడిగా తిరిగే 2 శాతమే కణంలోకి వెళ్లి పనిచేస్తుంది, విషమూ అదే. ఆల్బుమిన్ పడిపోయి ఆ 2 శాతం 4 అయిందనుకోండి: మొత్తం స్థాయి ఇద్దరిలో 1000 దగ్గరే ఉన్నా, ఒకరిలో విడి మందు 20, ఇంకొకరిలో 40. కాగితం మీద సమానం, ఒంట్లో రెట్టింపు. ప్రోస్టేట్ క్యాన్సర్ మందు అబిరాటెరోన్‌లో ఇది నిజంగా కనిపించింది. మధ్యస్థ గుంపులో మొత్తం స్థాయి 3.6 రెట్లు, తీవ్ర గుంపులో సుమారు 7 రెట్లు పెరగడమే కాక, తీవ్ర గుంపులో విడిగా తిరిగే వంతు కూడా రెట్టింపైంది. అందుకే మధ్యస్థులకు 1000 బదులు 250 మి.గ్రా., తీవ్రులకు అసలు వద్దు.

క్రియాటినిన్ గురించి ఒక్క మాట. కండ కరిగిన సిర్రోసిస్ మనిషికి 0.7 వచ్చిందని కిడ్నీలు బాగున్నాయనుకోవద్దు. కండ లేకపోతే క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. వీలైతే కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సీ పరీక్ష చేయించండి.


జవాబు: ల్యాబ్_మిర్యాలగూడ

మూడో ప్రశ్నకు నేను చెప్తాను. ఈ అధ్యయనాల్లో గుంపును తేల్చేది మూడు నాలుగు అంకెలే, ఆ అంకెలు ట్యూబులోనే మారిపోతాయి.

బిలిరుబిన్ వెలుతురుకు విరుగుతుంది. సీరం ట్యూబు కిటికీ పక్కన ఎండలో గంటసేపు స్టాండులో నిలబడితే అంకె తగ్గుతుంది. 1.9 అని వచ్చినవాడు నిజానికి 2.2 కావచ్చు, చైల్డ్-ప్యూలో ఒక మార్కు అక్కడే పోతుంది. తీసిన వెంటనే ట్యూబుకు అల్యూమినియం రేకు చుట్టండి, పెట్టెలో పెట్టండి.

నీలిరంగు మూత సిట్రేట్ ట్యూబు గీత దాకా నిండాలి. రక్తం తొమ్మిది వంతులు, సిట్రేట్ ఒక వంతు అన్న నిష్పత్తి మీదే ఐఎన్ఆర్ నిలబడుతుంది. సగం నింపితే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ లేనిపోనిది పెరుగుతుంది. సన్న నరాలున్న కీమో రోగుల్లో సీతాకోకచిలుక సూదితో తీస్తే గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోయి అది నిండదు. అందుకే ముందు ఒక వృథా ట్యూబు తీసి పారేసి తర్వాత నీలిమూత పట్టాలి. సిరంజితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగులుతాయి, ఎస్‌జీఓటీ, పొటాషియం పెరుగుతాయి. సీరం గులాబీ రంగుకు తిరిగితే ఆ రిపోర్టుతో గుంపు తేల్చకండి, మళ్లీ తీయండి.

మందు స్థాయిల నమూనాల్లో ఎక్కువమంది చేసే తప్పు హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు. కాన్యులా మూసుకుపోకుండా హెపారిన్ నీళ్లు ఎక్కిస్తారు. అది రక్తంలోకి వెళ్లగానే లైపేస్ ఎంజైమును లేపుతుంది, కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, అవి ఆల్బుమిన్ మీద కూర్చున్న మందును తోసేస్తాయి. మీరు కొలవాలనుకున్న విడి మందే తప్పుగా పెరుగుతుంది. సెలైన్ మాత్రమే వాడండి, తీసే ముందు మొదటి 2 మి.లీ. పారేయండి.

తర్వాత ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు. ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. మంచులో పెట్టి, మీ ల్యాబ్ మాన్యువల్ చెప్పిన గడువులోపు (సాధారణంగా 30 నిమిషాల నుంచి గంట) 4 డిగ్రీల దగ్గర తిప్పాలి. ప్లాస్మాను రెండు గొట్టాల్లో వేరువేరుగా మైనస్ 70లో దాచాలి. రెండు గొట్టాలూ ఒకే పెట్టెలో హైదరాబాద్ పంపకండి. మొదటిది చేరి, మంచు మిగిలి ఉందని కబురు వచ్చాకే రెండోది. మన దగ్గర మే నెల ఎండలో డ్రై ఐస్ ఎంత త్వరగా ఆవిరైపోతుందో తెలిసిందే. నూరు కిలోమీటర్లే కదా అని తక్కువ వేయొద్దు, బండి చెడిపోయి ఒక రాత్రి ఆగినా సరిపడేంత వేయండి. కరెంటు పోయి ఫ్రీజర్ పైకి ఎక్కిన గంటలూ రాసి పెట్టాలి, దాచొద్దు.

వేళల గురించి: 40 గంటల అర్ధాయువంటే అయిదు అర్ధాయువులకు 200 గంటలు, ఎనిమిది రోజుల పైమాట. లివర్ చెడితే ఇంకా సాగుతుంది, కాబట్టి చివరి నమూనా పదో రోజు, పద్నాలుగో రోజు ఉండాలి. మింగకముందు, 1, 2, 4, 6, 8, 12, 24 గంటలు దవాఖానలో ఉంచే తీయండి. తర్వాతవి 48, 96, 168, 240, 336. ఫారంలో 'అనుకున్న వేళ' ముందే అచ్చు వేసి ఉంటుంది, దాని పక్కన గడియారం చూసి నిజంగా తీసిన వేళ రాయండి. 9:00 బదులు 9:22కు తీయడం తప్పు కాదు, 9:22కు తీసి 9:00 అని రాయడం తప్పు.

ఇక నల్లగొండకు ప్రత్యేకమైనది ఒకటి. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పెద్దవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు. ఇప్పుడు భగీరథ నీళ్లు వచ్చినా ఎముకలో చేరింది అక్కడే ఉంది. ఎముక ఫ్లోరోసిస్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్‌లోనూ ఎముకలోనూ ఉండే ఎంజైమ్) పెరగవచ్చు, ఎముకకు పాకిన క్యాన్సర్‌లోనూ అంతే. కీమో మందు డోసిటాక్సెల్ లేబుల్ చూడండి: బిలిరుబిన్ పై హద్దు దాటినా వద్దు, ఎస్‌జీఓటీ లేదా ఎస్‌జీపీటీ ఒకటిన్నర రెట్లు దాటి దానితోపాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండున్నర రెట్లు దాటినా వద్దు. ఎముక నుంచి వచ్చిన ఎంజైమును లివర్ ఖాతాలో రాస్తే మనిషికి అందాల్సిన మందు అందకుండా పోతుంది. ఎముక జబ్బులో పెరగని లివర్ ఎంజైమ్ జీజీటీ కలిపి చేయించండి. జీజీటీ మామూలుగా ఉండి ఫాస్ఫటేజ్ ఒక్కటే పెరిగితే ముందు ఎముకను అనుమానించండి. కల్లు, సారా తాగేవాళ్లకు జీజీటీ ఎటూ పెరిగే ఉంటుంది, వాళ్లకు ఫాస్ఫటేజ్ ఎముకదా లివర్‌దా అని విడదీసే ఐసోఎంజైమ్ పరీక్షే దారి.


జవాబు: ఆంకాలజీ_సిస్టర్_జడ్చర్ల

నాలుగో ప్రశ్న అడిగినందుకు సంతోషం. అడిగే తీరులోనే సగం పని ఉంటుంది.

"మందు తాగుతారా?" అంటే "లేదమ్మా" అంటారు, అది అబద్ధం కాదు. మన ఊళ్లలో కల్లును మందు కింద లెక్కపెట్టరు. "పొద్దుగాల కల్లు తాగుతరా, మాపటికా? ఎన్ని సీసలు? చెట్టు కల్లా, దుకాణం కల్లా? తాగని రోజు నిద్ర పడుతదా, చేతులు వణుకుతయా?" అని అడగాలి. ఈ చివరి రెండూ ముఖ్యం. దుకాణం కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలాం కలిపే కల్తీ మన జిల్లాల్లో పాత రోగం. అలవాటైనవాళ్లు ట్రయల్ కోసం అడ్మిట్ అయి రెండు మూడు రోజులు తాగకపోతే వణుకు, నిద్రలేమి, లేనివి కనబడడం, మూర్ఛ కూడా వస్తాయి. ఏమీ తెలియని డ్యూటీ డాక్టర్ దాన్ని లివర్ మగత అని రాస్తే చైల్డ్-ప్యూలో మనిషి బీ నుంచి సీకి పోతాడు. మందు మొదలుపెట్టాక వస్తే మందు మీద తీవ్ర దుష్ప్రభావంగా నమోదవుతుంది.

రెండింటికీ తేడా మంచం పక్కనే తెలుస్తుంది. చేతులు చాచి, మణికట్లు వెనక్కి వంచి, వేళ్లు విడదీసి అరనిమిషం పట్టుకోమనండి. లివర్ మగతలో చెయ్యి ఉన్నట్టుండి జారి మళ్లీ లేస్తుంది, పిట్ట రెక్క విదిల్చినట్టు. కల్లు మానిన వణుకు సన్నగా, వేగంగా, ఆగకుండా ఉంటుంది. దానితో చెమట, గుండె దడ. లివర్ మగతవాళ్లు పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటారు, అడిగినదానికి ఆలస్యంగా చెప్తారు. మూత్రంలో డయాజెపాం రకం మందుల స్ట్రిప్ పరీక్ష చేయండి, కానీ క్లోరల్ హైడ్రేట్ ఆ స్ట్రిప్‌లో పడదు. నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. ట్రయల్‌లో చేరాలంటే రేపటి నుంచి కల్లు మానేయమని ఎవరినీ పంపకండి. ఉన్నట్టుండి మానితే ప్రాణానికే ముప్పు. ముందు సైకియాట్రీ వాళ్ల చేతిలో పెట్టి మెల్లగా దించాలి. లివర్ చెడినవాళ్లకు డయాజెపాం కన్నా లోరాజెపాం మేలు, అది ఒక్క మెట్టులో విరిగి పోతుంది. నిలకడకు వచ్చాకే స్క్రీనింగ్ రక్తం తీయాలి.

కామెర్ల పసరు కూడా పేరు పెట్టి అడగాలి: నేల ఉసిరి, తిప్పతీగ, పసరు వైద్యుడి పొడి, చేతికి కట్టే కట్టు. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో మన దేశం నుంచే ప్రచురితమయ్యాయి. పొడి పొట్లం ఉంటే తెప్పించి సంచిలో తేదీ రాసి దాచండి, పారేయొద్దు. ఎంజైములు పెరిగితే అదే ఆధారం. ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న సూది పేరు వాళ్లకు తెలియదు, ఫోన్ చేసి కనుక్కోండి. ఎక్కువగా డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్. డెక్సామెథాసోన్ సీవైపీ3ఏ4ను లేపి మీ మందును తొందరగా ఖర్చు చేయిస్తుంది, టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ అంతకన్నా ఎక్కువ.

గ్యాస్ గోళీని ఎవరూ మందనుకోరు. పొద్దున్నే పరగడుపున వేసుకునే ఆ పాంటాప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గిస్తే చాలా కైనేజ్ గోళీలు సరిగా కరగవు, రక్తంలోకి తక్కువ ఎక్కుతాయి. పరగడుపు అన్నా విడమరిచి చెప్పాలి, ఎందుకంటే పాల చాయ్‌ని తిండి అనుకోరు.

ప్రోటోకాల్‌లో గ్రేప్‌ఫ్రూట్ తినొద్దు అని ఉంటుంది, మన దగ్గర ఆ పండు అడిగితే అందరూ లేదనే అంటారు. పంపర పనస గురించి అడగండి, గ్రేప్‌ఫ్రూట్ దాని సంకరమే. ఇక బత్తాయి. నల్లగొండ తోటల ఊళ్లలో రోగిని చూడడానికి వచ్చినవాళ్లు బత్తాయిలే తెస్తారు. నమూనాలు తీసే రోజుల్లో ఏ పండ్లరసమూ వద్దని, నీళ్లే తాగాలని అందరికీ ఒకే నియమం పెట్టేయండి. ఏ పండు ఏం చేస్తుందో మంచం దగ్గర వాదించే పని ఉండదు.


ప్రశ్న అడిగినవారు: ఫార్మ్‌డీ_నల్లగొండ

సార్, సిస్టర్, అందరికీ ధన్యవాదాలు. జీజీటీ, హెపారిన్ రెండూ ముసాయిదాలో లేవు, ఈరోజే చేర్పిస్తాను. ఇంకొక్కటి. మొదటి రోజే ఎస్‌జీపీటీ పై హద్దుకు 3 రెట్లు ఉన్నవాడికి పదిహేనో రోజు 6 రెట్లు వస్తే మందు తప్పా, జబ్బు ముదిరిందా? ఏ గీత దగ్గర ఆపాలి?


జవాబు: పాలమూరు_ఫార్మకాలజీ

దుష్ప్రభావాల శ్రేణి పట్టిక (సీటీసీఏఈ) అయిదో కూర్పులో దీనికి దారి ఉంది. మొదట అంకె మామూలుగా ఉన్నవాళ్లకు పై హద్దుతో పోల్చాలి, మొదటే పెరిగి ఉన్నవాళ్లకు వాళ్ల మొదటి అంకెతో పోల్చాలి. మీ మనిషికి 3 నుంచి 6 అంటే తన అంకెకు రెండు రెట్లు, మొదటి శ్రేణి. పాత పద్ధతిలో పై హద్దుతో పోలిస్తే అదే మూడో శ్రేణి అయ్యి, అనవసరంగా మందు ఆగేది. ఏ కూర్పు వాడుతున్నారో ప్రోటోకాల్‌లో రాసి ఉండాలి.

అసలు భయపడాల్సింది ఎంజైమూ బిలిరుబినూ కలిసి పెరిగినప్పుడు. హైమన్ జిమ్మర్‌మన్ పేరు మీద హైస్ లా అనేది అదే: ఎస్‌జీపీటీ లేదా ఎస్‌జీఓటీ 3 రెట్లు దాటి, బిలిరుబిన్ 2 రెట్లు దాటి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 2 రెట్ల లోపే ఉండి, వేరే కారణం దొరకకపోతే పదిమందిలో కనీసం ఒకరి ప్రాణం పోవచ్చు. ఈ సూత్రం లివర్ బాగున్నవాళ్ల కోసం పుట్టింది. మీ గుంపుల్లో కొందరు మొదటి రోజే అందులో పడతారు. అందుకని ఈ భాగానికి వేరే గీత గీయించండి. ఉదాహరణకు ఎస్‌జీపీటీ తన మొదటి అంకెకు రెట్టింపై, బిలిరుబిన్ కూడా తన మొదటి అంకెకు రెట్టింపైతే ఆపడం. లేదా అంకెలతో పని లేకుండా కొత్తగా పొట్టలో నీరు వచ్చినా, మగత వచ్చినా, ఐఎన్ఆర్ ఎగబాకినా ఆపడం. ఆ గీత ఎక్కడ అన్నది భద్రత కమిటీ మొదటి రోగి చేరకముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి, తర్వాత కాదు.

ఆపాక కారణం వెతికే వరుస: 48 నుంచి 72 గంటల్లో మళ్లీ రక్తం. అదే రోజు అల్ట్రాసౌండ్, డాప్లర్. నాళం మూసుకుందా, క్యాన్సర్ గడ్డలు పెరిగాయా, పోర్టల్ సిరలో రక్తం గడ్డ కట్టిందా చూడాలి. హెపటైటిస్ బి డీఎన్ఏ, హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఇ పరీక్షలు. జ్వరం ఉంటే రక్తం కల్చర్. హెపటైటిస్ బి విషయంలో ఉపరితల యాంటిజెన్ ఒక్కటి చేసి ఊరుకోవద్దు, పాత ఇన్ఫెక్షన్‌ను కూడా పట్టిచ్చే కోర్ యాంటీబాడీ కూడా స్క్రీనింగ్‌లోనే చేయించాలి. యాంటిజెన్ పాజిటివ్ అయితే కీమో కన్నా ముందే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మొదలవ్వాలి. లేకపోతే వైరస్ లేచి కొట్టిన దెబ్బ మీ మందు మీద పడుతుంది, అంతకన్నా ముఖ్యంగా మనిషి పోతాడు.

తీవ్ర ఘటన జరిగితే 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరిశోధకుడు 24 గంటల్లో కేంద్ర లైసెన్సింగ్ అధికారికి, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి చెప్పాలి, విశ్లేషణ నివేదిక 14 రోజుల్లో. లివర్ ముందే చెడి ఉంది కదా అని చావును 'జబ్బు వల్ల' అని రాసేయడం తేలిక. ఆ మనిషి కుటుంబానికి పరిహారం ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి కారణం వెతికిన ప్రతి పరీక్షా కాగితం మీద ఉండాలి.


జవాబు: ఆంకాలజీ_సిస్టర్_జడ్చర్ల

సార్ చెప్పినదానికి అంగీకారం గురించి కలుపుతాను. కొత్త అణువు మందైతే, బలహీన స్థితిలో ఉన్న రోగుల అంగీకారాన్ని ఆడియో-వీడియోలో రికార్డు చేయాలి. చదువు రానివాళ్లకు సైట్‌తో సంబంధం లేని సాక్షి కూర్చోవాలి. కొద్దిగా మగత ఉన్న మనిషి పొద్దున సరే అని మాపటికి మర్చిపోవచ్చు. మర్నాడు మళ్లీ అడగండి: ఏం గోళీ, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, వద్దంటే ఏమవుతుంది. "వద్దంటే మామూలు వైద్యం ఆగదు" అని వాళ్ల నోటి నుంచే రావాలి. రాకపోతే చేర్చుకోవద్దు.

ఇంటికి పంపేటప్పుడు జేబులో పెట్టుకునే కార్డు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒక పక్క ట్రయల్ పేరు, రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు, ఆర్ఎంపీకి ఒక గీత: "ఈ మనిషికి మమ్మల్ని అడగకుండా సూది గాని గోళీ గాని ఇవ్వొద్దు." రెండో పక్క ఇంటివాళ్లకు: కళ్లు పచ్చబడితే, మూత్రం చాయ్ రంగుకు తిరిగితే, మలం నల్లగా తారులా వస్తే, పగలంతా పడుకుంటే, పేరు అడిగితే తడబడితే, గోళీ ఆపి అదే రోజు ఫోన్ చేయాలి. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు, అంటే 500 గోళీలు నాలుగు దాటొద్దు, అదీ మాకు చెప్పాకే. అయిదో రోజు, పదో రోజు మనమే ఫోన్ చేయాలి, రోగితో కాకుండా ఇంట్లో వండిపెట్టే మనిషితో మాట్లాడాలి. నిద్ర తారుమారైన సంగతి ముందుగా తెలిసేది ఆమెకే.